కినుయే నిలకడ

సమెజిమ కినుయే ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే ఆమె కంటే ముందు ఆమె భర్త తదావో జవాబు చెప్పేస్తాడు. "నిలబడటం" అంటాడు. లోకంలో అందరూ కాళ్ళరిగేలా తిరిగి బతుకుతారు, మా ఆవిడ మాత్రం కదలకుండా బతికేస్తుంది అని ఫెర్రీలో పక్కన కూర్చున్న కొత్తవాళ్ళను కూడా నవ్విస్తాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఏటా నవంబరులో సకురాజిమ దీవిలో నిప్పు కక్కే కొండ చుట్టూ, సముద్రం పక్కనుంచి పోయే రోడ్డు మీద, మూడు మీటర్ల కొలకర్రను సర్వే రాయి నెత్తిన నిటారుగా నిలబెట్టి దాన్ని పట్టుకుని నిలబడటమే ఆమె పని. ముప్ఫై ఎనిమిది నవంబర్లుగా అదే చేస్తోంది.

అదీ ఒక పనేనా అని తీసిపారేసేవాళ్ళు ఓసారి నిలబడి చూడాలి. సముద్రం మీది గాలి తోస్తుంది. లారీ పోతే నేల అదురుతుంది. ముక్కు మీద బూడిద రాలి తుమ్ము వస్తుంది. కర్రకు బిగించిన చిన్న గాజు డబ్బీలో ఒక బుడగ ఉంటుంది, అది నల్ల గీత దాటి అంగుళం కాదు, వెంట్రుక వాసి కూడా బయటికి పోకూడదు. ముప్ఫై నలభై మీటర్ల అవతల గొడుగు కింద ముక్కాలి మీద లెవెల్ యంత్రం పెట్టుకుని, కర్ర మీది గీతలు చదివి, ఈ రాయికీ ఆ రాయికీ ఎత్తులో ఎంత తేడా ఉందో రాసుకుంటారు. కొండ కడుపులోకి కిందనుంచి కరిగిన రాయి చేరుతుంటే చుట్టుపక్కల నేల ఉబ్బుతుంది, కక్కేశాక దిగుతుంది. ఆ ఉబ్బు రోడ్డు దాకా వచ్చేసరికి ఏడాదికి గోరంత. ఆ గోరంతను చూసి కొండంత సంగతి చెప్పాలి. అందుకని ఇక్కడ కర్ర పట్టినవాళ్ళు కదిలితే కొండ కదిలినట్టే లెక్క.

ఆమె ఈ పనిలోకి వచ్చింది కూడా నిలబడటం వల్లే. అప్పుడు ఆమెకు ముప్ఫై ఏళ్ళు. రోడ్డు పక్కన చిన్న కమలాపళ్ళు అమ్ముకుంటోంది. కర్ర పట్టే మనిషికి కాలు మెలికపడితే, పది నిమిషాలు పట్టుకోమ్మా అని ఆమెను పిలిచారు. వీపున ఎనిమిది నెలల కూతురు ఉంది, గంటసేపు ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపోయింది. కదిలితే లేస్తుంది, లేస్తే ఊరంతా వింటుంది. ఆ భయంతో కినుయే శిలలా నిలబడింది. యంత్రంలో కన్ను పెట్టిన మనిషి, అప్పటికింకా చదువు పూర్తికాని మతోబా, తల పైకెత్తి బుడగ చచ్చిపోయిందేమిటని అడిగాడట. ఆ పది నిమిషాలే ఇన్నేళ్ళయ్యాయి. మతోబా ఇప్పుడు మాస్టారు, వచ్చే మార్చిలో రిటైరవుతాడు. ఆ కూతురు ఇప్పుడు ఫోన్ పది సార్లు మోగినా లేవదు.

ఇవహమ ఊరి పరిధిలో అలాంటి రాళ్ళు పదిహేడు. అన్నీ ఆమెకు చుట్టాలే. వాటిలో పదకొండోది కొండకు అన్నిటికంటే దగ్గర, సమాధుల దొడ్డి పక్కన ఉంటుంది. చదరపు రాయి, నెత్తిన గుండీ అంత ఇత్తడి బొడిపె, ఎప్పుడు చూసినా బూడిదలో మెడదాకా మునిగి ఉంటుంది. దాని ముందు ఎప్పుడూ తాజా పూలుంటాయి.

ఆ పూలు పెట్టేది ఇసో అవ్వ. తొంభై రెండేళ్ళు. మా దీవిలో ఇంట్లో అన్నం లేకపోయినా పరవాలేదు కానీ సమాధి ముందు పూలు వాడిపోతే పరువు పోతుంది. బూడిద పడకుండా సమాధులకు రేకు కప్పులు వేసి, మనుషులం మాత్రం గొడుగులు పట్టుకుని తిరిగే జాతి మాది. తన వాళ్ళ సమాధుల పక్కన, కప్పు లేకుండా, పేరు లేకుండా ఒక రాయి బూడిదలో ఉండటం ఇసో అవ్వ చూడలేకపోయింది. ఏ దిక్కులేనివాడిదో అనుకుని, చేతిలో మిగిలిన రెండు పూలు అక్కడ పెట్టడం మొదలుపెట్టింది. అది మొదలై అరవై ఏళ్ళు. కినుయే ఏటా ఆ పూలను జాగ్రత్తగా పక్కకు తీసి, కర్ర నిలబెట్టి, పని అయ్యాక ఉన్నవి ఉన్నట్టు మళ్ళీ సర్దేది. అవ్వకు అసలు సంగతి చెబుదామని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది కానీ ఊరుకుంది.

చెప్పకపోవడానికి తర్వాత్తర్వాత ఇంకో కారణం కూడా తోడైంది. ఏడేళ్ళ కిందట ఒక ఆగస్టులో నేల ఉన్నట్టుండి గబగబా ఉబ్బింది. ఊరంతటినీ పడవెక్కించి నగరంలో ఒక బడి హాల్లో మూడు వారాలు ఉంచారు. కొండ ఊపిరి బిగబట్టి, ఏం తోచిందో ఏమో, మెల్లగా వదిలేసి ఊరుకుంది. జనం తిరిగొచ్చేసరికి ముల్లంగి విత్తే అదను దాటిపోయింది. అప్పటినుంచి కొలతలవాళ్ళు కనిపిస్తే చాలు, కొండను కొలిచి ఎలుకను పట్టారని వెక్కిరించడం ఊరికి అలవాటైంది. ఇసో అవ్వనైతే నలుగురు కుర్చీలో పెట్టి మోసుకుపోయారు. తిరిగొచ్చిన నాడు ఆమె ఊరి మీటింగులో లేచి, ఇంకోసారి నన్ను కదిపితే నా శవాన్నే కదపాలి అని అందరి ముందూ చెప్పింది. కినుయే ఆ రోజు వెనక వరసలో కూర్చుని తల దించుకుంది.

ఈ నవంబరులో ఒక బుధవారం, గాలి అటు తిరిగి బూడిదంతా అవతలి ఊళ్ళ మీద పడుతున్న మంచి రోజున, పదకొండో రాయి దగ్గరికి వచ్చారు. మతోబా మాస్టారు, లెక్కలు రాసుకునే అయానో అనే విద్యార్థిని, కినుయే. పదో రాయి పోయినేటి మీద నాలుగు మిల్లీమీటర్లు లేచింది. మామూలే. పదకొండోది ముప్ఫై నాలుగు లేచింది.

మళ్ళీ వెనక్కి కొలుచుకుంటూ వెళ్ళారు. ముప్ఫై నాలుగే. కినుయేని గోడ మీద కూర్చోమని అయానో చేతికి కర్ర ఇచ్చి ఇంకోసారి కొలిచారు. అప్పుడూ ముప్ఫై నాలుగే. ఉపగ్రహాల సాయంతో నేల కదలిక చూసే ఈ వైపు పరికరం పిడుగు పడి పది రోజులుగా మూగబోయి ఉంది. నేల వాలు కొలిచే పరికరాలున్న సొరంగం కొండకు అటువైపెక్కడో ఉంది. ఈ వైపు ఏం జరుగుతోందో చెప్పగలిగేది ఈ రాళ్ళు మాత్రమే. మూడు గంటలకు మాస్టారు నగరంలో కొండ సంగతి చూసే కమిటీకి ఫోన్ చెయ్యాలి. ఈ అంకె చెబితే సాయంత్రానికల్లా ఇవహమ ఖాళీ కావాలి. చెప్పకుండా దాస్తే, నూరేళ్ళ కిందట కొండ పేలేముందు ఏమీ కాదన్న పెద్దల మాట నమ్మి ఆగిపోయినవాళ్ళ గతి ఏమైందో ఈ దీవిలో పసిపిల్లలకు కూడా తెలుసు. చెప్పాక అది కూడా ఉత్తదే అయితే, ఆ పైన నిజంగా లేచిన నాడు ఒక్క ఇల్లు కూడా కదలదు.

మాస్టారు గొడుగు సర్దుతున్నట్టు నటిస్తూ అడిగాడు. "కినుయేగారూ, పోయినేడు ఈ రాయి దగ్గర మీకు ఒంట్లో బాగానే ఉందా?"

ఆ ప్రశ్నకు అర్థం ఆమెకు తెలుసు. "బాగానే ఉంది మాస్టారూ. మూడు సెంటీమీటర్లు తప్పు రావాలంటే కర్ర పట్టుకుని నిద్రపోవాలి. మా ఆయనైతే పోతాడు, నేను పోను" అంది.

అలా అనేసింది కానీ ఎడమ మోకాలిని అరచేత్తో నొక్కి చూసుకుంది. పోయినేటినుంచి అది అప్పుడప్పుడు వణుకుతోంది. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళ పనిలో తప్పు తనదే అయితే, తన మోకాలు వణికినందుకు నలభై ఇళ్ళు తాళాలు వేసుకుని పోవాల్సివస్తే, ఆ తర్వాత ఈ రోడ్డు మీద ఎలా తల ఎత్తుకుని నడవాలి? ఇసో అవ్వ ముఖం ఎలా చూడాలి? ఇంకో ఆలోచన అంతకంటే భయపెట్టింది. తప్పు తనది కాకపోతే అది కొండదే.

పన్నెండుకు తదావో చిన్న ట్రక్కులో భోజనాలు తెచ్చాడు. అన్నం ఉండలు, వేయించిన చేప వడలు, ఫ్లాస్కులో టీ. సమాధుల దొడ్డి మెట్టు మీద కూర్చున్న భార్య ముఖం చూశాడు. "ఏంటే, కొండ లేచిందా, నువ్వు కుంగావా?" అన్నాడు. మామూలుగా అయితే ఆమె ఇంకో మాట అంటించేది. ఈసారి నవ్వు రాలేదు. సంగతి విన్నాక తదావో కూడా ఎగతాళి మాని, కప్పులో టీ పోసి చేతికిచ్చి, పక్కన కూర్చున్నాడు.

"చల్లగా ఉంటుందే ఈ మెట్టు, జలుబు చేస్తుంది, లే" అన్నాడు.

కినుయే లేవలేదు. అరచేతితో మెట్టును తడిమి చూసింది. సిమెంటు మెట్టు, మూల కొంచెం పగిలింది. ఈ మెట్టు ఆమెకు కొత్త కాదు. రెండు రాళ్ళ మధ్య దూరం ఎక్కువైతే నడుమ నడుమ ఒక ఇనప పళ్ళెం నేల మీద వేసి దాని మీద కర్ర పెట్టాలని నియమం. ఇక్కడ రోడ్డు పక్కనంతా బూడిద నేల, పళ్ళెం కుంగుతుంది. అందుకని మొదటేడే ఆమె పళ్ళెం పక్కన పడేసి మెట్టు మీద కర్ర పెట్టింది. నియమం నియమమేనని మతోబా అప్పట్లో మండిపడ్డాడు. ఆమె ఊ కొట్టి మళ్ళీ మెట్టు మీదే పెట్టింది. రెండు మూడేళ్ళు కసిరి ఆయన విసిగిపోయాడు. కానీ మెట్టు మీది అంకె మాత్రం ప్రతి ఏడూ పుస్తకంలో రాసుకుంటూనే ఉన్నాడు. రాయక చస్తాడా, లెక్క కలవాలంటే రాయాల్సిందే.

ఆమె గబుక్కున లేచింది, టీ ఒలికింది.

"మాస్టారూ, కొండ ఉబ్బితే మెట్టూ రాయీ కలిసే లేవాలి కదా? మధ్యన ఇరవై మీటర్లు కూడా లేదు. కొండకు మెట్టు మీద కోపం, రాయి మీద ప్రేమా ఉంటాయా?"

మాస్టారు అన్నం ఉండ నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. తర్వాత దాన్ని డబ్బాలో పెట్టేసి యంత్రం దగ్గరికి పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి అలా పరుగెత్తగా కినుయే ఎప్పుడూ చూడలేదు.

పాత కొలతల పుస్తకాలన్నీ అయానో ఫోన్‌లో ఫొటోలుగా ఉన్నాయి. ఒక్కో ఏడూ తీసి చదివింది. మెట్టుకూ పదకొండో రాయికీ ఎత్తులో తేడా ముప్ఫై ఏడేళ్ళుగా ఒకటే, అర మిల్లీమీటరు అటూ ఇటూ. ఈ ఏడు మాత్రం ముప్ఫై మిల్లీమీటర్లు మారింది. అంటే పదో రాయిలాగే మెట్టూ నాలుగే లేచింది. రాయి ఒక్కటే, మెట్టునూ దొడ్డినీ రోడ్డునూ వదిలేసి, తనంతట తాను మూడు సెంటీమీటర్లు పైకొచ్చింది. అయానో మోకాళ్ళ మీద కూర్చుని రాయి చుట్టూ బూడిదను తాపీతో గీకింది. పైన రెండు వానలకు గట్టిపడ్డ బూడిద, దాని కింద కొత్త కంకర. ఎవరో రాయిని లేపి, కింద కంకర కూరి, శుభ్రంగా దిమ్మిసా కొట్టారు.

మాస్టారు నడిరోడ్డు మీదే కూలబడి పకపకా నవ్వాడు. ఎదురొచ్చిన లారీవాడు ఆగి ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. తదావోకి ఎక్కడలేని హుషారూ వచ్చేసింది. "నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మా ఊళ్ళో మా ఆవిడ నిలబడితేగానీ తెలియదు" అన్నాడు లారీవాడితో. వాడికేమీ అర్థం కాలేదు, తల ఊపి వెళ్ళిపోయాడు.

మూడింటికి మాస్టారు ఫోన్ చేసి, ఇవహమ వైపు నాలుగు మిల్లీమీటర్లు, ఆందోళన లేదు అని చెప్పాడు. పెట్టేశాక, రాయిని ఎవరు లేపారో రాయాలి కదా అన్నాడు. సర్వే రాయిని కదపడం నేరం. కినుయే చూపు అప్పటికే పక్కన పెట్టిన పూల మీద ఉంది. తానొక్కతే వెళ్ళి కనుక్కుంటానని, ఎవరూ వెంట రావద్దని చెప్పి బయల్దేరింది.

ఇసో అవ్వ ఇంటి వసారాలో ఎండకు కూర్చుని తడిగుడ్డతో నేల చెక్కలు తుడుస్తోంది. కినుయేని చూడగానే ముఖం విప్పారింది.

"చూశావా? తల పైకొచ్చింది. పాపం, మెడదాకా మునిగిపోయి ఉండేది. సమాధుల కప్పులు బాగుచెయ్యడానికి మేస్త్రీ వస్తే పనిలో పనిగా రెండు వేళ్ళెత్తు లేపించాను. నేను పోయాక ఏటా ఎవరు తవ్వుతారే దాన్ని?"

కినుయే వసారా అంచున కూర్చుంది. ఇక దాచే రోజు దాటిపోయింది. "అవ్వా, అది సమాధి కాదు. సర్వే రాయి. నేల ఎంత లేచిందో చూడటానికి పాతారు. దాని కింద ఎవరూ లేరు" అంది.

అవ్వ చేతిలో గుడ్డ ఆగింది. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజునుంచీ."

"నా పూలు తీసి పక్కన పెట్టి, మళ్ళీ పెట్టేదానివి."

"అవును."

"ఒక్కసారీ చెప్పలేదు."

"మీరు పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదులే అనుకున్నాను. తప్పు నాదే అవ్వా. మీరు లేపిన ఎత్తును కొండ లేపిందనుకున్నాం. ఇంకో మూడు గంటలు తెలియకపోతే ఇవాళ ఊరంతా పడవెక్కేది."

తిడుతుందనుకుంది. అరవై ఏళ్ళ పూలు, ఎండల్లో వానల్లో నడిచిన దారి, కింద ఎవరూ లేని రాయి. ఎంత తిట్టినా పడాల్సిందే అని సిద్ధపడి కూర్చుంది. అవ్వ మాత్రం, అయితే ఆ రాయి ఎవరికోసం ఉన్నట్టు అని అడిగింది. మనకోసమే అంది కినుయే. అది నిజంగా లేస్తే ముందుగా తెలుసుకుని మనం వెళ్ళిపోవడానికి. పూలు మానెయ్యాలా అని అడిగింది అవ్వ. అక్కర్లేదు, ముందు పెట్టండి, నెత్తిన మాత్రం పెట్టకండి, దయచేసి ఇంకెప్పుడూ లేపకండి అంది కినుయే. ఇద్దరికీ నవ్వొచ్చింది.

నవ్వు ఆగాక అవ్వ గుడ్డ పిండి గట్టు మీద ఆరేసింది. ఇటు తిరగకుండానే అడిగింది.

"వచ్చే ఏడు అదే రెండు వేళ్ళు కొండే లేపిందనుకో. నిలబడి చూసేది నువ్వేగా?"

"కర్ర నేనే పడతాను. అంకె మాస్టారు చదువుతారు."

"మాస్టారి సంగతి నాకెందుకు? ఆ రోజు నన్ను మోసుకుపోయినప్పుడు ఎవరో మైకులో అరిచారు. ముక్కూముఖం తెలియనివాడు అరిస్తే ఇల్లు వదిలి పోతారా ఎవరైనా?" అవ్వ అప్పుడు ఇటు తిరిగింది. "ఇన్నేళ్ళూ ఎవరూ చూడకపోయినా నా పూలు పెట్టిన చోటే మళ్ళీ పెట్టినదానివి నువ్వు. ఆ రోజు నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. చెప్పులేసుకుంటాను."

కినుయే సరేనంది. అనగానే కళ్ళు నిండిపోయాయి, ఆమె తుడుచుకోలేదు. సంతోషమే, కానీ దాంతోపాటు పెద్ద బరువు కూడా భుజం మీదికెక్కినట్టయింది. మోకాలి సంగతి ఇవాళ రాత్రి తదావోకి చెప్పి, రేపు ఫెర్రీ ఎక్కి డాక్టరుకు చూపించుకోవాలనుకుంది. అవ్వ లోపలికి వెళ్ళి టీ నీళ్ళు పెట్టింది.